గాజా గేటూ, మా ఎనిమిదెకరాలూ

మా అన్న చెప్పిన మాటల్లో ఎంత నిజమో తేల్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. కొన్ని ఇప్పటికీ తేలలేదు. తేలినవాటిని తేలినట్టు, తేలనివాటిని తేలనట్టు ఇక్కడ రాస్తున్నాను. సైన్సు పాఠాలు చెప్పి బతికినవాణ్ని కనుక ఎవరేం చెప్పినా "నువ్వు చూశావా, ఎవరైనా చెప్తే విన్నావా?" అని అడగడం నా అలవాటు. ఆ ప్రశ్నను నేను కాలేజీ నుంచి ఇంటికి తెచ్చాననుకునేవాణ్ని. అది నాకంటే ముందే మా ఇంట్లో ఉందని ఒక వేసవిలో తెలిసింది.

అవి అరవైల మొదటి సంవత్సరాలు. నేను నల్లగొండలో ఒక హైస్కూల్లో కొత్తగా సైన్సు మాస్టరుగా చేరాను. మా ఊరు కట్టంగూరుకు దగ్గర, పెద్ద రోడ్డు దిగి రెండు మైళ్లు నడిస్తే వస్తుంది. ఆ ఊళ్లో మా బాపు ఎనిమిదెకరాల చెల్కకు, అంటే వాన మీద పండే ఎర్రనేలకు, కౌలుదారు. పట్టా దొరది, దున్నకం మాది. తాత కాలం నుంచీ అంతే. హైదరాబాదు రాజ్యం ఇండియాలో కలిసిన తర్వాత వచ్చిన కౌలు చట్టం కింద బాపుకు రక్షిత కౌలుదారు అని ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. దొర తలచుకున్నా ఆ భూమి నుంచి మమ్మల్ని వెళ్లగొట్టడానికి వీల్లేదని దాని సారాంశం.

అయితే ఆ హక్కు ఒక చిన్న గడి మీద నిలబడి ఉండేది. పట్వారీ ఏటేటా రాసే పహాణీ అనే భూమి రిజిస్టరులో పట్టా ఎవరిదని ఒక గడి, కబ్జా ఎవరిదని మరొక గడి ఉంటాయి. కబ్జా అంటే ఆ ఏడు ఆ నేలను నిజంగా దున్నుతున్నది ఎవరు అని. ఆ గడిలో పేరు తప్పిందంటే చేతిలో సర్టిఫికెట్ ఉన్నా కచేరీల చుట్టూ తిరగవలసిందే. అట్లా తిరిగి తిరిగి కూలికి కుదిరినవాళ్లు మా చుట్టుపక్కల ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. హక్కు పోవడానికి ఇంకొక దారి కూడా ఉంది. కౌలుదారు తానే తహసిల్దారు ఎదుటికి పోయి, నా ఇష్టంతోనే భూమిని వదులుకుంటున్నానని రాజీనామా రాసి వేలిముద్ర వేయడం. చట్టం వచ్చాక దొరలకు ఈ రెండో దారి బాగా నచ్చింది.

ఆ ఎండాకాలం పట్వారీ మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, మెల్లగా విషయం చెప్పాడు. దొరకు ఆ చెల్క కావాలి, రోడ్డుకు దగ్గరగా ఉంది. బాపు మర్యాదగా రాజీనామా ఇస్తే దొర ఒక జత ఎడ్లనిస్తాడు. మృగశిర కార్తె లోపలే తహసిల్‌లో తేదీ వేయిస్తానని, విత్తనం పడ్డాక ఇంకొక ఏడాది ఆగవలసి వస్తుందని చెప్పి వెళ్లాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కొత్తకోట దగ్గర ఉన్న మా మామ, అంటే అమ్మ తమ్ముడు, కబురు పంపాడు. తనకు ఉన్న భూమిలో సగం దున్నుకునే దిక్కులేక పడి ఉంది, బావిలో నీళ్లున్నాయి, అక్కా బావా వచ్చి చేసుకుంటే తనకూ తోడుగా ఉంటుందని. రెండు కబుర్లూ పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క సరిపోయినట్టే కనిపించింది. ఎడ్లు ఇక్కడ దొరుకుతాయి, నీళ్లున్న నేల అక్కడ దొరుకుతుంది.

బాపు ఎటూ చెప్పలేదు. "నువ్వు సదువుకున్నవు గద, పోయి సూసి రా" అన్నాడు నాతో.

నేను పోయి చూశాను. నా మటుకు నేను శాస్త్రీయంగానే చూశాను. మామ బావిలో తాడు వదిలి నీటి మట్టం కొలిచాను. మూడు చోట్ల మట్టి తవ్వి మూడు పొట్లాలు కట్టి, స్కూలు ప్రయోగశాలకు తెచ్చి, నీళ్లలో కలిపి లిట్మస్ కాగితం ముంచాను. ఇసుక ఎంత, బంకమన్ను ఎంత అని సీసాలో తేర్చి చూశాను. మా చెల్క మట్టినీ అట్లాగే తేర్చాను. ఏ విధంగా చూసినా మామ నేలే మేలు. ఆదివారం ఇంటికి వెళ్లి బాపుతో "రాజీనామా ఇచ్చేయడమే మంచిది" అని చెప్పాను. నా కొలతల్లో తప్పు లేదు, ఈ రోజుకీ ఆ మాట మీద నిలబడతాను. నేను కొలవనిది ఒకటి ఉందన్న సంగతి మాత్రం అప్పుడు నాకు తట్టలేదు.

తహసిల్ తేదీకి ఇంకా పది పన్నెండు రోజులున్నాయనగా మా అన్న సెలవు మీద వచ్చాడు.

అన్న ఏడో తరగతితో చదువు ఆపి పటాలంలో లారీ డ్రైవరుగా చేరాడు. అంతకు ముందటి ఏడాదిన్నర అతను దేశంలో లేడు. ఈజిప్టుకూ ఇజ్రాయెలుకూ మధ్య లడాయి ఆగిన తర్వాత, మళ్లీ అంటుకోకుండా చూడడానికి చాలా దేశాల నుంచి సైనికులను గాజా అనే చోట కాపలా పెట్టారు. వాళ్లు నీలం టోపీలు పెట్టుకునేవాళ్లు. మన దేశం నుంచి వంతులవారీగా వెళ్లినవాళ్లలో అన్న ఒకడు. ఓడలో వెళ్లి ఓడలో వచ్చాడు. ఊళ్లో సగం మంది నమ్మలేదు. మా చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, "ఏ కంటోన్మెంటుల్నో వంటింట్ల ఉండి వచ్చిండు, సముద్రమంట, ఓడంట" అని నవ్వేవాడు. నిజం చెప్పాలంటే నేను కూడా స్కూలు అట్లాసు తీసి గాజా ఎక్కడుందో వెతికి, అన్నను దిక్కులు అడిగి సరిచూసుకున్నాను. సముద్రం పడమటి దిక్కున ఉందన్నాడు. పటంలో పడమటే ఉంది.

విత్తనపు పల్లికాయ ఒలిచే రోజులవి. ముందు ఏటి పంట నుంచి తీసిపెట్టిన కాయను మధ్యాహ్నం పూట పందిరి కింద పోసి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని గింజ నలగకుండా చేత్తో ఒలవాలి. గింజ మీది పొర చిట్లితే మొలకెత్తదు. రాజీనామా ఇచ్చే మాటైతే ఈ విత్తనం ఎవరి నేల కోసమని అమ్మ ఒకసారి అడిగింది. "ఏ నేలైనా విత్తనం విత్తనమే, ఒలువు" అన్నాడు బాపు. అట్లా ఒలుస్తుండగా అన్న గాజాలో ఒక గేటు సంగతి చెప్పాడు.

గాజా ఒక సన్నటి పట్టీ. సముద్రం ఒక పక్క. ఉత్తరానా తూర్పునా ఒక గీత, దాని అవతల, గాజాలో తలదాచుకున్నవాళ్లు లడాయిలో వదిలి వచ్చిన ఊళ్లు, ఇప్పుడవి ఇజ్రాయెలువి. దాటితే కాలుస్తారు. నాలుగో పక్క ఈజిప్టు. ఆ పట్టీని ఏలేది కూడా ఈజిప్టు అధికార్లే. అయినా ఆ నాలుగో పక్కనున్న గేటు దాటి ఈజిప్టు లోపలికి పోవాలంటే గాజావాళ్లకు కాయితం కావాలి.

అమ్మ చేతిలో కాయ అట్లాగే పట్టుకుని అడిగింది. "ఇద్దరూ సాయిబులే అంటివి. ఇద్దరిదీ ఒక్కటే మాట అంటివి. మరి పక్కింటోళ్లు రానియ్యకపోవుడేందిరా?"

"రానిస్తరే అమ్మా. ఉండనియ్యరు."

"నువ్వు చూసినవా అన్నా, విన్నవా?" అన్నాను నేను.

"సగం సూసిన, సగం విన్న. ఏది సూసిన్నో ఏది విన్ననో జెప్త, నువ్వు జర ఒలువు. సారు ఆగితే ఒలుపు గూడ ఆగుతది మన ఇంట్ల."

చిన్నాయన నవ్వాడు. అన్న చూసినదాన్ని ముందు చెప్పాడు. ఆ గేటు కాడ రఫా అని ఒక ఊరు ఉందట. వాళ్ల సామాను డిపో అక్కడే. ఆ దారిన రోజూ లారీ నడిపేవాడు. కాయితం ఉన్న చదువుకునే పిల్లలు పెట్టెలు నెత్తిన పెట్టుకొని రైలెక్కి ఈజిప్టు పట్నాలకు పోవడం చాలాసార్లు చూశాడు. కాయితం లేనివాళ్లను పోలీసులు వెనక్కి పంపడం కూడా చూశాడు.

"ఎంత మందిని?"

"లెక్కపెట్టలే తమ్మీ. నేను లారీ నడపనీకె పోయిన, నీ తీరుగ జనాల లెక్క రాయనీకె పోలే. ఒక్క ఆడామెను మటుకు మంచిగ సూసిన. పొద్దుగాల నేను పోయేటప్పుడు మూట ముంగట పెట్టుకొని పోలీసాయనతోటి బతిమాలాడుతాంది. ఆమె తమ్ముడు అవుతల ఏదో నౌకరి జేస్తడంట, గా మాట పక్కనున్న మా క్లర్కు జెప్పిండు. పగటీలి నేను మల్ల వచ్చినప్పుడు గూడ ఆడనే కూసొని ఉన్నది. పొద్దుమీకి వచ్చేసరికి లేదు."

"లోపలికి పోయిందా, తిరిగి ఇంటికి పోయిందా?"

"ఎర్కలేదు. నేను సూడలే. సూడంది ఎట్ల జెప్పాలె?"

నేను బుర్ర వంచుకుని పల్లీలు ఒలిచాను. ప్రయోగశాలలో నా విద్యార్థులు చూడని రంగును కూడా పుస్తకంలో ఉందని చూసినట్టు రాస్తారు. ఏడో తరగతి చదివిన లారీ డ్రైవరు ఒక మనిషి కథను మధ్యలో ఎక్కడ ఆపాలో అక్కడ ఆపాడు. ఇంకెవరైనా అయితే ఆమెను ఏడుస్తూ ఇంటికి పంపేవాళ్లు. ఆ క్షణంలో కలిగిన గర్వాన్ని అన్నకు నేను ఎన్నడూ చెప్పలేదు.

తర్వాత విన్నది చెప్పాడు. డిపోలో లెక్కలు రాసే ఆ క్లర్కు, గాజా మనిషి, మనవాళ్ల సావాసంతో ముక్కలు ముక్కలు హిందీ నేర్చినవాడు, ఇవి చెప్పాడట. ఈజిప్టు రేడియోలో రోజూ అరబ్బులంతా ఒక్కటే అంటారు. గేటు కాడ కాయితమేది అంటారు. ఎందుకంటే, గాజా మనిషి ఎవడైనా ఆ గీత దాటి అవతల ఏదైనా చేస్తే దెబ్బ ఈజిప్టు మీద పడుతుంది, అందుకని వాళ్లను ఒక్క చోట కనిపెట్టి ఉంచాలి. ఈజిప్టులో సొంత బీదలే కావలసినంత మంది ఉన్నారు. వీటన్నిటికంటే ఎక్కువగా పైకి చెప్పే కారణం మరొకటి. గాజావాళ్లను లోపలికి తీసుకుని జాగా ఇచ్చి తమ మనుషులుగా రాసుకుంటే, గీత అవతలివాడు 'ఇగ వాళ్లకు ఇల్లు దొరికింది, వాళ్ల ఊళ్ల మాట ఎత్తకండి' అంటాడు.

"గా మాట సాకు గూడ కావచ్చు," అన్నాడు అన్న. "నిజం గూడ కావచ్చు. రెండూ అయి ఉండొచ్చు. గా క్లర్కే అన్నడు గిట్ల."

చిన్నాయనకు ఇందులో హాస్యం కనిపించింది. "ఒక్కటే అనుడు మనకు కొత్తనా? తెలుగోళ్లమంత ఒక్కటే అని ఆంధ్రోళ్లతోటి కలిపిరి. మరి మన సారుకు నౌకరి ఇచ్చేటప్పుడు ముల్కి కాయితమేది అని ఎందుకడిగిరి?"

ఈ ప్రాంతంలో ఇన్నేళ్లు నివాసమున్నవాళ్లమని రుజువు చేసే ముల్కి సర్టిఫికెట్ లేకపోతే ఇక్కడ సర్కారు నౌకరి రాదు. నేను తెచ్చి చూపించాకే నన్ను మాస్టరుగా తీసుకున్నారు.

"అది వేరు చిన్నాయినా," అన్నాను. "అది మన నౌకర్లు మనకు దక్కాలని పెట్టిన షరతు. మన మంచికే."

"గేటు లోపలున్నోడు ఎప్పుడూ గట్లనే అంటడు కొడుకా."

అందరూ నవ్వారు, నేను కూడా. ఆ షరతు అవసరమనే అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. కాని గేటును బయటి నుంచి చూస్తే ఎట్లా ఉంటుందో ఆలోచించడం ఆ మధ్యాహ్నమే మొదలైంది.

అప్పుడు బాపు అడిగాడు. "వాళ్ల భూములు ఎవరి పేరు మీదున్నయిరా, పహాణీల?"

"అక్కడ పహాణీ ఉండదు బాపు," అన్నాను నేను. "అది వేరే దేశం, వేరే పద్ధతి."

"భూమి ఉన్న కాడ పహాణీ ఉండకుంట ఎట్లుంటది?"

ప్రపంచంలో ఎక్కడైనా పట్వారీ ఉంటాడని, అతనికొక రిజిస్టరు ఉంటుందని బాపు నమ్మకం. నేను దిద్దబోయాను. అన్న ఆపాడు. "ఉన్నది తమ్మీ. పేరు వేరు, గంతే. ఒక ముసలాయన మా లారీ ఆపి నీళ్లడిగిండు. కూసొని, అంగి లోపల్నుంచి ఒక కాయితం తీసిండు. పాత సర్కారుకు శిస్తు కట్టిన రసీదంట, మడతల కాడ చినిగి ఉన్నది. గా గీత అవుతల కనవడే చెట్లు జూపిచ్చి, గవి మావి అన్నడు. చెట్లు నేను సూసిన. ఆయనవో కాదో నాకు తెల్వది. కాయితం మటుకు ఉన్నది."

"మరి కబ్జా?"

"కబ్జా లేదు బాపు. లడాయిల కొందర్ని ఎల్లగొట్టిరంట, కొందరు పానం దక్కించుకోనీకె పదిహేను దినాలల్ల మల్ల పోదమని వచ్చిరంట. పద్నాలుగేండ్లో పదిహేనేండ్లో అయింది."

అన్నే మరొకటి చెప్పాడు. తాను పోకముందు ముచ్చట, కనుక విన్నదే. ఒకప్పుడు ఈజిప్టు సర్కారూ పెద్ద దేశాలవాళ్లూ కలిసి, గేటు అవతల ఇసుక నేలకు నది నీళ్లు తెచ్చి గాజావాళ్లకు భూములిచ్చి అక్కడ కుదురుస్తామన్నారట. గాజాలో జనం రోడ్ల మీదికి వచ్చి వద్దన్నారట. నీళ్లున్న కొత్త నేల వద్దని, గుడారాల్లోనే కూర్చున్నారట.

"పిచ్చోళ్లా?" అన్నది అమ్మ.

"కాదు," అన్నాడు బాపు. "పేరు కోసం."

ఈ సంగతుల్లో నేను తర్వాతి ఏళ్లలో సరిచూసుకోగలిగినవి ఇవి. గాజావాళ్లకు ఈజిప్టు పౌరసత్వం ఇవ్వలేదన్నది నిజం. ఇసుక నేలలో కుదిర్చే ఆలోచన ఒకటి జరిగిందన్నదీ, అక్కడివాళ్లు దాన్ని ఎదిరించారన్నదీ, అది ఆగిపోయిందన్నదీ నిజం. ఎదిరించినందువల్లే ఆగిందా అన్నది చదివిన ఏ పుస్తకమూ నాకు తృప్తి కలిగేటట్టు చెప్పలేదు. గేటు మూసే ఉండేదన్న మాట మాత్రం సగమే నిజం. అది కొందరికి, కొన్నాళ్లు, కాయితం మీద తెరుచుకునేది. అన్న కూడా అంతే చెప్పాడు. మూసింది అని చెప్పిన వాళ్లు మా ఊరి జనం, అన్న నోట విన్నాక.

ఆ సాయంత్రం బాపుకూ నాకూ వాదన జరిగింది. రాజీనామా మీద బాపు మనసు మారుతున్నదని నాకు తెలుస్తూనే ఉంది. "పోలిక రుజువు కాదు బాపు," అన్నాను. "అది లడాయి, దేశాలు, పటాలాలు. ఇది ఎనిమిదెకరాల చెల్క. మామ మనవాడు. అక్కడ జరిగింది ఇక్కడ జరుగుతుందని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు."

బాపు కోప్పడలేదు. "సరే సారూ. పోలిక వద్దంటవు గద. అడిగి సూద్దం."

"ఏం అడుగుతవు?"

"మీ మామ వస్తుండు గద."

తేదీకి రెండు రోజుల ముందు మామ హైదరాబాదు మీదుగా బస్సులు మారి వచ్చాడు. ఇంట్లోకి వస్తూనే నవ్వు, అమ్మకు చీర, మా కోసం బెల్లం. మామకు మా మీద ఉన్న ప్రేమను నేను అప్పుడూ అనుమానించలేదు, ఇప్పుడూ అనుమానించను. కాళ్లు కడుక్కుని పందిరి కింద కూర్చున్నాక బాపు అడిగాడు.

"బామ్మర్దీ, నీ జాగాల దున్నుకుంటం, మంచిదే. పహాణీల కబ్జా గడిల నా పేరు రాయిస్తవా?"

మామ నవ్వాడు. "గదేం మాట బావా? మనం మనం ఒక్కటి గాదా? మన నడుమ కాయితమేంది?"

పల్లీలు ఒలిచే చప్పుడు ఆగింది. నేను అన్న వైపు చూశాను. అన్న నేల వైపు చూస్తున్నాడు.

"ఒక్కటే గాబట్టే అడుగుతున్న," అన్నాడు బాపు. "పరాయోన్ని అడుగుతనా?"

మామ నవ్వు లేకుండా, అబద్ధం లేకుండా చెప్పాడు. "రాయిస్తె, ఇంకో చట్టమొచ్చి దున్నేటోనిదే భూమి అంటె, నా పిల్లలకేం మిగులుతది బావా? నువ్వు గుంజుకుంటవని గాదు. నీ తర్వాత, నా తర్వాత సంగతి. ఉండుండ్రి, ఎన్నేండ్లన్న ఉండుండ్రి. తిండికి ఫికర్ లేదు. పేరు మటుకు..."

అమ్మ లేచి లోపలికి వెళ్లింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. గిన్నెలో జొన్న గట్కా, పచ్చిపులుసు తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది. "తిను తమ్మీ. నువ్వు నా మొకం మీద అబద్ధమాడలే. గంతే సాలు నాకు."

నేను మూడు పొట్లాల మట్టి తెచ్చి, సీసాలో తేర్చి, లిట్మస్ ముంచి, నీటిమట్టం కొలిచాను. బాపు ఒక్క ప్రశ్న అడిగాడు. ఏ జవాబు వస్తే ఏం తేలుతుందో ముందే ఆలోచించి అడిగిన ప్రశ్న అది. ప్రయోగం అంటే ఏమిటో ఏటేటా పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పిన నేను అంత శుభ్రమైన ప్రయోగాన్ని మళ్లీ చూడలేదు. మామను మాత్రం తప్పు పట్టలేకపోయాను. ఎవరి హక్కు వల్ల మన హక్కు తగ్గుతుందో వాళ్లను ప్రేమించవచ్చు, అన్నం పెట్టవచ్చు, పేరు రాయడానికి చెయ్యి రాదు. రేడియోలో ఒక్కటే అన్నవాళ్లు గేటు కాడ కాయితం అడగడానికి కూడా ఇది ఒక కారణమై ఉండవచ్చు. ఇది కూడా పోలికే, రుజువు కాదు. రుజువు కాదని రాసుకుంటూనే దీన్ని ఇన్నేళ్లు దాచుకున్నాను.

తేదీ నాటి పొద్దున అమ్మ అన్నది, "ఇయ్యొద్దనుకుంటిమి గద. ఇగ తహసిల్‌కు పోవుడెందుకు? ఇంట్లనే ఉండు."

"పోవాలె," అన్నాడు బాపు, తలకు రుమాలు చుట్టుకుంటూ.

నల్లగొండ కచేరీ వరండా నిండా జనం. చాలామంది మాలాంటి పని మీద వచ్చినవాళ్లే. పట్వారీ రాజీనామా ముందే రాసి తెచ్చాడు. ఇంకు డబ్బా కూడా తెచ్చాడు, బాపు బొటనవేలి కోసం. లోపలికి పిలిచారు. బాపు, నేను, పట్వారీ. తహసిల్దారు కాగితం చదివి, తల ఎత్తకుండానే అడిగాడు. "భూమిని ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా వదులుకుంటున్నావా?"

ఆ ప్రశ్న అడగడం ఆయన విధి. దానికి 'అవును' తప్ప వేరే జవాబు వినడం ఆయనకు అలవాటు లేనట్టుంది.

"లేదు సార్," అన్నాడు బాపు.

తహసిల్దారు తల ఎత్తాడు. పట్వారీ నా వైపు చూశాడు.

"లేదా?"

"ఇష్టమని రాసి తెచ్చిండ్రు సార్. నాకు ఇష్టం లేదు. నేను దున్నుతున్న. ఇగ మృగశిర రాంగనే ఇత్తనం పెడ్త."

"మరి ఇష్టం లేనివాడివి ఇక్కడి దాకా ఎందుకొచ్చావు?"

"మీరు పిలిచిండ్రు గద సార్. రాకుంటే, మనిషి లేడని రాస్తరు."

తహసిల్దారు కొంచెంసేపు బాపును చూశాడు. ఆయన ముఖంలో ఏముందో నేను చెప్పలేను. నవ్వాడని తర్వాత పట్వారీ అన్నాడు, నేను చూడలేదు. కలం తీసుకుని కాగితం కింద రెండు వరుసలు రాసి, సంతకం పెట్టి, గుమాస్తా వైపు తోశాడు.

బయట వరండాలో పట్వారీ నన్ను పక్కకు పిలిచాడు. "పంతులూ, ఇదంత నువ్వు నేర్పినవా?"

"లేదు," అన్నాను. "నేను రాజీనామా ఇయ్యమన్న."

అతను నమ్మలేదు. చదువుకున్న కొడుకు చెప్తేనే చదువురాని తండ్రి ఎదురు చెప్తాడని అతని సిద్ధాంతం. దాన్ని ఖండించడానికి నా దగ్గర నా మాట తప్ప వేరే సాక్ష్యం లేదు. అందుకే ఇక్కడ రాతపూర్వకంగా చెప్తున్నాను. ఆ మాట నాది కాదు. మా అన్నది కూడా కాదు. అన్న చూసింది చూసినట్టు చెప్పాడు, అంతే. అందులోంచి ఏది తీసుకోవాలో తీసుకున్నవాడు బాపు.

మధ్యాహ్నం దాకా ఆగి నకలు తీసుకున్నాం. గుమాస్తా ఇచ్చిన కాగితాన్ని బాపు రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, నా చేతికిచ్చాడు. మెట్ల మీద, గోడ వారన, స్తంభాలకు ఆనుకుని కూర్చున్న కౌలుదార్లు మా వైపే చూస్తున్నారు. వాళ్లలో చాలామంది చేతుల్లో పట్వారీలు రాసిచ్చిన కాగితాలున్నాయి.

నేను చదివాను. రాజీనామా ఇవ్వడానికి కౌలుదారు సమ్మతించలేదు. భూమి అతని కబ్జాలోనే ఉన్నది. దరఖాస్తు కొట్టివేయడమైనది.

"ఇంకోసారి సదువు," అన్నాడు బాపు.

చదివాను.

బాపు వరండా అంతా ఒకసారి కలియజూశాడు. రుమాలు సరిచేసుకున్నాడు.

"గిట్ల గాదు కొడుకా. జర గట్టిగ సదువు."